పిల్లల గదికి రంగులు తర్వాత వేయించండి, ముందు ఆయమ్మల సంఖ్య పెంచండి

బెంగళూరులో అపార్ట్‌మెంట్లు, విల్లాలు కడుతున్న తెలుగు బిల్డర్లకు, లేబర్ కాంట్రాక్టర్లకు, మేస్త్రీలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

సర్జాపుర రోడ్డు నుంచి దేవనహళ్లి దాకా మీ సైట్లలో ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచీ, నారాయణపేట, మక్తల్ వైపు నుంచీ వచ్చిన కుటుంబాలు బేల్దారి పని, సెంట్రింగ్ పని చేస్తున్నాయి. వాళ్ల వెంట చంటిపిల్లలూ వస్తున్నారు. మీలో కొందరు పిల్లల గది పెట్టారు, సంతోషం. పెట్టనివాళ్లతో మాకు వేరే మాట ఉంది, అది కింద చెప్తాం. ఈ లేఖ ముఖ్యంగా గది పెట్టి, గోడల మీద ఏనుగులు, సీతాకోకచిలుకలు గీయించి, ఒక టీవీ బిగించి, ఇరవై మంది పిల్లలకు ఒక ఆయమ్మను పెట్టి, ఇక మన పని అయిపోయిందనుకుంటున్నవారికి.

మూడేళ్ల లోపు బిడ్డ నేర్చుకునేది పాఠాల వేళ కాదు. తినిపించేటప్పుడు, కడిగేటప్పుడు, బట్ట మార్చేటప్పుడు, జోకొట్టేటప్పుడు, ఏడిస్తే ఎత్తుకునేటప్పుడు. ఈ పనులు ఎలాగూ తప్పవు. ఎప్పుడెప్పుడు ముగిద్దామా అని చేస్తే ఒక తీరు బిడ్డ తయారవుతుంది, బిడ్డను కలుపుకొని చేస్తే మరో తీరు బిడ్డ తయారవుతుంది. కలుపుకొని చెయ్యాలంటే ఆయమ్మకు కావలసింది డిగ్రీ కన్నా ముందు తీరిక. ఆ తీరిక మీ చేతుల్లో ఉంది.

లెక్క చూడండి. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదున్నర దాకా ఏడాది లోపు బిడ్డకు కనీసం 6 సార్లు బట్ట మార్చాలి. కడిగి, తుడిచి, మాట్లాడుతూ మారిస్తే ఒక్కోసారి 5 నిమిషాలు, మొత్తం అరగంట. 3 సార్లు తినిపించాలి, ఒక్కోసారి పావుగంట, మొత్తం ముప్పావుగంట. అంటే బిడ్డకు గంటా పావు. పదిమంది పిల్లలుంటే పన్నెండున్నర గంటలు. ఆయమ్మ డ్యూటీ తొమ్మిది గంటలే. నేల తుడవడం, చేతులు కడుక్కోవడం, నిద్రపుచ్చడం, ఆమె నాలుగు ముద్దలు తినడం ఇంకా ఈ లెక్కలోకి రానే లేదు. అందుకే పిల్లలను వరసగా కూర్చోబెట్టి ఒకే గిన్నె, ఒకే చెంచాతో పెట్టేస్తుంది. బట్ట పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి మారుస్తుంది. ఏడ్చేవాణ్ని ఉయ్యాల్లో వేసి, ఇంకొకడికి తినిపిస్తూ కాలితో ఊపుతుంది. అది ఆమె మొరటుతనం కాదు, మీరు వేసిన లెక్క అలా ఉంది. నలుగురు పిల్లలైతే అదే పని ఐదు గంటల్లో అవుతుంది, మిగతా నాలుగు గంటలు ఎత్తుకోవడానికి, ఆడించడానికి ఉంటాయి. కాబట్టి మేం అడిగేది: ఏడాది లోపు పిల్లలు నలుగురికి ఒక ఆయమ్మ, ఏడాది నుంచి మూడేళ్ల వాళ్లు ఏడెనిమిది మందికి ఒకరు, మూడు దాటినవాళ్లు పదిహేను మందికి ఒకరు. దీనికి డబ్బు చాలదంటే టీవీ తీసెయ్యండి, బొమ్మలు కొనకండి, గోడలకు తెల్లసున్నం వేసి వదిలెయ్యండి.

మీ భాషలో చెప్పాలంటే ఇది క్యూరింగ్ లాంటిది. స్లాబు వేశాక మొదటి వారం రోజూ తడపకుండా, నెల తర్వాత ట్యాంకర్ తెప్పించి పోస్తే బలం రాదు. అయితే పోలిక అక్కడితో ఆపాలి. కాంక్రీటులా పిల్లలు గట్టిపడిపోరు, ఆలస్యంగా అందిన ప్రేమ కూడా పనికొస్తుంది. కాకపోతే తొందరగా అందితే ఎక్కువ పనికొస్తుంది. రొమేనియాలో 2000లో మొదలైన బుకారెస్ట్ అధ్యయనంలో అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లలను తీసుకున్నారు. సగం మందిని చీటీలు వేసినట్టు ఎంచి పెంపుడు కుటుంబాలకు ఇచ్చారు. ఆశ్రమాల్లో తిండి, మంచం, వైద్యం ఉన్నాయి. లేనిది ఒకరికి ఒకరు అనే మనిషి. ఇళ్లకు వెళ్లిన పిల్లలు తెలివిలో, మనుషులతో కలవడంలో ముందుకొచ్చారు. రెండేళ్ల లోపే వెళ్లినవాళ్లకు చాలా విషయాల్లో ఎక్కువ మేలు జరిగింది. మీ పిల్లల గది అనాథాశ్రమం కాదు, సాయంత్రానికి అమ్మ వస్తుంది. కానీ మెలకువగా ఉండే వేళల్లో ఎక్కువ భాగం ఆ గదిలోనే గడుస్తుందని మరవకండి.

అందుకని ప్రతి బిడ్డకూ 'నా ఆయమ్మ' అని ఒకరుండాలి. ఉన్న ముగ్గురు ఆయమ్మలూ అందరినీ చూసుకోవడం చూడటానికి బాగుంటుంది గానీ, అలాంటి చోట ఏ బిడ్డ పొద్దున్నుంచి నీళ్లు తాగలేదో ఎవరికీ తెలియదు. హంగరీ వైద్యురాలు ఎమ్మీ పిక్లర్ 1946లో బుడాపెస్ట్‌లో పసిపిల్లల ఆశ్రమం నడపడం మొదలుపెట్టినప్పుడు ఈ సూత్రాన్నే పట్టుకుంది: స్నానం, తిండి, బట్ట మార్చడం ఆ బిడ్డకు కేటాయించిన మనిషే చెయ్యాలి, ముట్టుకునే ముందు ఏం చెయ్యబోతోందో బిడ్డకు చెప్పాలి. మీరు చెయ్యాల్సింది చిన్న పని. ఆయమ్మను ఈ నెల వర్తూరు సైటుకు, వచ్చే నెల యెలహంక సైటుకు తిప్పకండి. పని మందగించిన వారాల్లో ఆమెను ఆపేసి, తర్వాత కొత్తావిడను తేకండి.

బట్ట మార్చడం ఎలా ఉండాలో చెప్తాం. మీ సూపర్‌వైజర్ ఒకసారి నిలబడి చూడొచ్చు. ఆయమ్మ బిడ్డ కళ్లకు ఎదురుగా వంగి పేరు పెట్టి పిలవాలి. పొడి బట్ట చూపించి 'తడిసింది కదా, మారుద్దామా' అనాలి. ఆ తర్వాత కొద్దిసేపు ఆగాలి. ఐదు అంకెలు మనసులో లెక్కపెట్టేంత. పసిబిడ్డ విని, పోల్చుకుని, కాలు కదిపో ఊంగా అనో జవాబివ్వడానికి అంత సమయం పడుతుంది. ఆయమ్మలకు ఇచ్చే శిక్షణలో మేం ఎక్కువ కష్టపడేది ఈ ఐదు అంకెల దగ్గరే, పెద్దవాళ్లకు ఆగడం రాదు. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి మెడ కింద, ఒకటి పిరుదుల కింద. నడిచే పిల్లలను ఒక చేత్తో రెక్క పట్టి లేపకూడదు, ఐదేళ్ల లోపు మోచేతి కీలు ఇట్టే జారుతుంది. కడిగేటప్పుడు 'ఇది నీ కాలు, ఇది నీ బొజ్జ' అని చెప్తూ కడగాలి, ఆడపిల్లలను ముందు నుంచి వెనక్కి తుడవాలి. అయ్యాక ఆయమ్మ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పసిబిడ్డ మలం పెద్దవాళ్లదంత మురికి కాదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. గదికి పది అడుగుల లోపు కుళాయి లేకపోతే ఈ ఆఖరి పని జరగదు. ఎంత శిక్షణ ఇచ్చినా జరగదు. గది కట్టేటప్పుడే ప్లంబర్‌తో ఒక పైపు లాగించండి.

ఇక తిండి. సైట్లలో ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే.

ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా అక్కర్లేదు. అంటే తల్లి రావాలి. యాభై, ఆ పైన ఉద్యోగులున్న చోట శిశు సంరక్షణ గది పెట్టి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లే వీలివ్వాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి తెచ్చిన సవరణ చెప్పింది. ఎనిమిదో అంతస్తులో ఇటుకలు మోసే తల్లి కిందికి దిగి, పాలిచ్చి, పైకి ఎక్కడానికి ముప్పావుగంట పడుతుంది. అందుకే మేస్త్రి ముఖం చిట్లిస్తాడు, ఆమె రావడం మానేస్తుంది, బిడ్డకు సీసా పాలు మొదలవుతాయి. దీనికి మందు సులువు: పాలిచ్చే తల్లులకు కింది అంతస్తుల్లో, గదికి దగ్గర పని ఇవ్వండి. పాలిచ్చే సమయానికి కూలి కోయకండి. గది బయట సబ్బు, ఉతికిన తువ్వాలు, పైన కప్పుకోవడానికి శుభ్రమైన చీరముక్క ఉంచండి. సిమెంటు దుమ్ము క్షారం, తల్లి చేతుల నుంచి, జాకెట్టు మీద నుంచి బిడ్డ బుగ్గకు అంటితే చర్మం మండుతుంది. మోచేతుల దాకా కడుక్కుని ఒళ్లోకి తీసుకోవాలి.

ఆరు నెలలు నిండాక పైతిండి. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడుసార్లు. పావులీటరు గిన్నెను కొలతగా పెట్టుకోండి: తొమ్మిదో నెల వచ్చేసరికి పూటకు సగం గిన్నె, రోజుకు మూడు నాలుగుసార్లు. ఏడాది దాటాక ముప్పావు నుంచి నిండు గిన్నె, మధ్యలో ఒకటో రెండో చిరుతిళ్లు. తల్లిపాలు రెండేళ్లు, ఆ పైన కూడా సాగుతాయి. పరిమాణం కన్నా చిక్కదనం ముఖ్యం. పప్పుకట్టు, పల్చటి రాగిజావ కడుపు నింపుతాయి, బిడ్డను పెంచవు. పసివాడి పొట్ట చిన్నది, అందులో నీళ్లు పోస్తే తిండికి చోటుండదు. చెంచా వంచితే జారిపోకుండా నిలవాలి, అదే గుర్తు. మెత్తగా ఉడికిన సంగటిలో పప్పు మెదిపి, ఆకుకూర కలిపి, చెంచాడు నూనో నెయ్యో వేస్తే రాయలసీమ బిడ్డకూ రాయచూరు బిడ్డకూ నచ్చుతుంది. వారంలో కొన్ని రోజులైనా గుడ్డు. టీలో బిస్కెట్టు ముంచి పెట్టడం మాన్పించండి, తిండిలోని ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదు. ఇనుము తగ్గిన బిడ్డ మందకొడిగా ఉంటుంది, ఆట మీద ధ్యాస నిలపదు. మీరు ఎన్ని బొమ్మలు కొనిచ్చినా చూడదు. ఏడాది లోపు తేనె నాకించకూడదు. వేరుశనగలు, శనగలు గింజలుగా పెట్టకూడదు, గొంతులో అడ్డం పడతాయి. పొడి కొట్టి కలపొచ్చు.

తినిపించే తీరు: బిడ్డను ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టి, ముఖం ఎదురెదురుగా. పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో గొంతులో పోయడం ఇంకా కనిపిస్తోంది, ఆ తిండి ఊపిరితిత్తుల్లోకి జారొచ్చు. ముక్కు మూసి మింగించడం, 'తినకపోతే పోలీసు వస్తాడు' అనడం వద్దు. చెంచా పెదవి దగ్గర ఆపి, బిడ్డ నోరు తెరిచేదాకా ఆగాలి. తల తిప్పుకుంటే కాసేపు కబుర్లు చెప్పి మళ్లీ అడగాలి. రెండోసారీ తిప్పుకుంటే చాలించాలి. ఆకలి, నిండడం తనకు తెలుస్తాయని, తన సైగకు ఎదుటి మనిషి విలువిస్తుందని బిడ్డకు అర్థమయ్యేది ఇలాగే. ఎనిమిది నెలలు దాటిన బిడ్డ చేతికి ఒక మెత్తటి ముక్క ఇవ్వండి, నేల పాడవుతుంది, పాడవనివ్వండి. ఎవరి గిన్నె, ఎవరి చెంచా వాళ్లవి. గిన్నె మీద పేరు చెక్కించడానికి ఎంత ఖర్చవుతుంది?

టీవీ ఎందుకు తీసెయ్యమన్నామో చెప్పాలి. ఆరు నుంచి ఎనిమిది నెలల ఇంగ్లీషు పిల్లలు హిందీలోని ట, త శబ్దాల తేడా పట్టుకున్నారని, ఏడాది నిండేసరికి ఆ తేడా వాళ్ల చెవికి దాదాపు వినిపించడం మానేసిందని 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చూపించారు. ఆ ట, తలు మన పిల్లలకు పుట్టు ఆస్తి. చుట్టూ వినిపించే మాటే చెవిని తీరుస్తుంది. 2003లో పట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికా పిల్లలకు చైనా భాష వినిపించింది. 12 సార్లు మనిషి ఎదురుగా కూర్చుని ఆడించి, చదివి వినిపించిన పిల్లలు ఆ భాషలోని శబ్దాల తేడా నేర్చుకున్నారు. అదే మనిషిని, అవే మాటలను టీవీలో చూసిన పిల్లలు ఏమీ నేర్చుకోలేదు. రెండేళ్ల లోపు తెర అసలు వద్దని, ఆ పైన నాలుగేళ్ల దాకా రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది కూడా. తెలుగు పాటలే కదా పెడుతున్నాం అనకండి. పాట ఆగి, బిడ్డ ఊంగా అంటే ఊ కొట్టదు. ఆయమ్మ చేతిలోని ఫోనుదీ అదే సంగతి, కాకపోతే నాలుగు పనులు ఒక్కతే చేసే మనిషిని ఫోను చూడొద్దనడానికి ముందు ఆమెకు ఒక విరామం ఇవ్వండి.

భాష సంగతి వచ్చింది కాబట్టి: ఆయమ్మది కన్నడమైతే కన్నడంలోనే నోరారా మాట్లాడనివ్వండి. బిడ్డ రెండూ పట్టుకుంటుంది, తికమక పడదు. రాని ఇంగ్లీషులో 'సిట్, ఈట్, స్లీప్' అనిపించకండి, అలా అంటే మాటలు ఆజ్ఞల దగ్గరే ఆగిపోతాయి. ఇద్దరు ఆయమ్మలుంటే ఒకరు తెలుగు తెలిసినవారైతే మంచిది, వానకు భయపడి 'అమ్మ కావాలి' అని ఏడ్చే రెండేళ్ల వాడికి అర్థమయ్యే జవాబు దొరుకుతుంది.

బొమ్మలు కొనకపోతే ఎలా అంటారు. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986-87లో ఎదుగుదల తగ్గిన 129 మంది పిల్లలతో శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ బృందం పని చేసింది. కొందరి ఇళ్లకు రెండేళ్లపాటు వారానికి ఒక గంట ఆరోగ్య కార్యకర్తలు వెళ్లి, ఇంట్లో పారేసే వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, అలాంటి సాయం అందని వాళ్లకన్నా 25 శాతం ఎక్కువగా తేలింది. ఆటలు లేకుండా పాలపొడి మాత్రమే అందుకున్నవాళ్లకు అంత దీర్ఘకాల లాభం కనపడలేదు. కాబట్టి స్టీలు గిన్నెలు, అట్టపెట్టెలు, కొబ్బరిచిప్పలు, రంగు గుడ్డపీలికలు చాలు. మూత గట్టిగా అతికించిన సీసాలో గింజలు వేస్తే గిలక్కాయ. బిడ్డ నోట్లో పట్టేంత చిన్న వస్తువేదీ మూడేళ్ల లోపు వాళ్ల చేతికి ఇవ్వకూడదు. సైటు నుంచి పెయింటు డబ్బాలు, సిమెంటు సంచులు, వైరు ముక్కలు మాత్రం తేకండి.

చీర ఉయ్యాల మీద మాకు పగ లేదు. నిద్రపుచ్చడానికి మంచిదే. నిద్రలేచాక కూడా అందులోనే ఉంచడం తప్పు. మెలకువగా ఉన్న బిడ్డను గంటకు మించి కదలకుండా కట్టిపడేయకూడదు. ఇంకా పాకని పిల్లలను రోజులో కనీసం అరగంట, విడతలు విడతలుగా, బోర్లా పడుకోబెట్టి ఆడించాలి. మెడ, భుజాలు గట్టిపడేది అలాగే. రోజంతా ఉయ్యాల్లో ఉన్న బిడ్డ తల వెనక చప్పిడిగా అవుతుంది, బోర్లపడటం, పాకడం వెనకబడతాయి. చీర మెడకు చుట్టుకునే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి ఉయ్యాల ఎప్పుడూ పెద్దవాళ్ల కంటి ఎదురుగా ఉండాలి, పక్క పిల్ల ఊపకూడదు. నిద్ర రావడానికి దగ్గు మందు చుక్కలు వెయ్యడం ఎక్కడైనా కనిపిస్తే వెంటనే ఆపించండి. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో హెచ్చరించింది. సంపుకు మూత, మూతకు తాళం. క్యూరింగ్ డ్రమ్ములు, బకెట్లు గది చుట్టుపక్కల ఉండకూడదు, జానెడు నీళ్లలో కూడా తప్పటడుగుల బిడ్డ మునిగిపోతుంది.

కొత్త బిడ్డను మొదటిరోజే తలుపు దగ్గర లాక్కుని, తల్లిని పనికి పంపెయ్యకండి. ఎనిమిదో నెల నుంచి ఏడాదిన్నర దాకా తల్లిని విడవడం బిడ్డకు అతి కష్టమైన కాలం. మొదటి మూడు రోజులు తల్లి గంటసేపు గదిలోనే కూర్చోవాలి, నాలుగో రోజు కాసేపు బయటికి వెళ్లి రావాలి. వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లాలి, కన్నుగప్పి జారుకుంటే బిడ్డ రోజంతా తలుపు వైపే చూస్తూ ఉంటుంది. ఈ మూడు గంటల కూలి మీరు భరించండి.

గది పెట్టనివాళ్లకు చెప్పాల్సింది రెండు ముక్కలే. యాభై మందికి మించి ఆడకూలీలున్న చోట ఆరేళ్ల లోపు పిల్లలకు గది పెట్టాలని 1996 భవన నిర్మాణ కార్మికుల చట్టం 35వ సెక్షన్ చెప్పింది. వెలుతురు, గాలి, శుభ్రత, పిల్లల పెంపకంలో శిక్షణ పొందిన మహిళల అజమాయిషీ అన్నీ అందులోనే ఉండేవి. మస్టర్లను, అంటే కూలీల హాజరు పట్టీలను, నలుగురు కాంట్రాక్టర్ల పేరన విడగొట్టి ఎక్కడా యాభై దాటలేదని చూపడం ఇన్నాళ్లూ నడిచింది. పార్లమెంటు 2020లో ఆమోదించి, 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఆ యాభై ఆడవాళ్ల లెక్క కాదు, మొత్తం కార్మికుల లెక్క. కార్మికుల సంక్షేమానికి 1 శాతం సెస్సు కడుతున్నాం కదా, సంక్షేమ బోర్డే చూసుకోవాలి అనే వాదన నిలబడదు, సెస్సు వేరు, గది బాధ్యత వేరు. ఢిల్లీలో రాజ్‌ఘాట్ దగ్గర పని జరుగుతున్న చోట 1969లో మీరా మహదేవన్ కూలీల పిల్లల కోసం గుడారంలో ఇలాంటి గది మొదలుపెట్టారు. మీకు రేకుల షెడ్డైనా ఉంది. రేకు కింద వెదురు చాప కట్టించండి, మధ్యాహ్నం పూట లోపల పిల్లలు వేగిపోతారు.

చివరగా కాగితాల పని. సైటు పిల్లలు ఊళ్లో లెక్కలోంచీ, బెంగళూరు లెక్కలోంచీ కూడా జారిపోతారు. గది తెరిచిన వారంలోనే దగ్గరి అంగన్‌వాడీకి, ఆశా కార్యకర్తకు మీ సూపర్‌వైజర్ వెళ్లి చెప్పాలి. అంగన్‌వాడీ పిల్లల వివరాలు నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్‌లో పేరు ఒక అంగన్‌వాడీ నుంచి ఇంకో అంగన్‌వాడీకి మార్చుకునే వీలుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా వారానికి రెండుసార్లు 1 మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఉచితంగా ఇస్తారు, టీకాల కార్డు చూసి తప్పినవి వేస్తారు. ఆరో నెలకు శబ్దం వైపు తిరగని, పదో నెలకు కూర్చోని, ఏడాదిన్నరకు నడవని లేదా ఒక్క మాటా పలకని, వచ్చిన మాటలు పోగొట్టుకున్న బిడ్డ ఉంటే 'మగపిల్లలు ఆలస్యం' అని సర్దిచెప్పకుండా ప్రభుత్వ ఆసుపత్రిలోని పిల్లల డాక్టరు దగ్గరికి పంపాలి. ఆ రోజు తల్లికి కూలి ఇచ్చి పంపాలి.

ఉగాదికి, దసరాకు ఊరెళ్లిన కుటుంబాలు తిరిగొచ్చేది చాలాసార్లు వేరే సైటుకు. అందుకని వెళ్లే ముందు ఆయమ్మ ప్రతి తల్లి చేతిలో ఒక చీటీ పెట్టాలి, తెలుగులో ఒకవైపు, కన్నడంలో ఇంకోవైపు: బిడ్డను ఏ పేరుతో పిలుస్తారు, ఏం తింటుంది, ఏది పడదు, ఎలా నిద్రపోతుంది, ఏడిస్తే దేనికి ఊరుకుంటుంది, ఏమేం మాటలు అంటోంది, ఏ టీకా ఎప్పుడు పడింది, ఏది మిగిలింది. చీటీ నమూనా మా దగ్గరుంది, అడిగిన సైటుకు ఇస్తాం. అచ్చు వేయించడం, ఆయమ్మలకు రెండు రోజుల శిక్షణకు కూలితో సెలవు ఇవ్వడం మీ వంతు.

ఇట్లు,
బెంగళూరు సైట్లలో ఆయమ్మలకు శిక్షణ ఇస్తున్న తెలుగువాళ్లం